ముందు నీళ్లు పోయండి



సంక్రాంతికి వారం ముందు కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఏ వాడకు పోయినా మధ్యాహ్నంపూట ఒకటే సందడి. గచ్చు మీద తెల్లబట్ట పరిచి, దాని చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని సకినాలు చుడుతుంటారు. ఒకావిడ పొయ్యి దగ్గర మూకుడు ముందు ఉంటుంది. చుట్టిన సకినం బట్ట మీద కాసేపు తడి ఆరాలి. ఆరకముందే తొందరపడి నూనెలో వేస్తే పేలుతుంది. పేలితే నూనె ఎగిరి పడేది ఆ పొయ్యి ముందున్న మనిషి మీదే. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలు. సకినాలు కాలే నూనె వేడి 180 డిగ్రీల దాకా ఉంటుంది.

కొన్నేళ్ల కింద మా తల్లిగారింట్లో అట్లాగే జరిగింది. మా వదినకు కొత్త కోడలు వచ్చింది. ఆ పిల్లే పొయ్యి ముందు కూర్చుంది. రెండో వాయికే సకినం పేలి ముంజేతి మీద నూనె పడింది. కేక విని అందరూ లేచారు. ఒకరు పసుపు డబ్బా తెచ్చారు, ఒకరు పళ్ల పేస్టు తెచ్చారు, పక్కింటి పిల్లగాడు సిరాబుడ్డి పట్టుకుని ఉరికొచ్చాడు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వాకిట్లో ఉన్న బోరింగు దగ్గరికి తీసుకుపోతుంటే వెనక నుంచి మా వదిన అరిచింది, “నీళ్లు పొయ్యకుర్రి! పొక్కొస్తది!”

ఆ ఒక్క మాట గురించి మాట్లాడదామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను. నేను సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు డ్రెస్సింగ్ గదిలోనే గడిచాయి. చెయ్యి కాల్చుకున్న వాళ్లను “నీళ్లు పోసుకున్నారా?” అని అడిగితే, “అయ్యో, నీళ్లెట్ల పోస్తం సిస్టరమ్మా” అని చదువుకున్నవాళ్లు కూడా అన్నారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. కాలిన చోట నీళ్లు పోస్తారు, కొంచెంసేపటికి పొక్కు లేస్తుంది. ముందు జరిగింది నీళ్లు పోయడం, తర్వాత వచ్చింది పొక్కు. కాబట్టి నీళ్ల వల్లే వచ్చిందని మన పెద్దలు లెక్కగట్టారు. నిజానికి ఆ పొక్కు నీళ్లు పోయకపోయినా లేచేదే. వేడికి పై తోలు, కింది తోలు విడిపోతాయి. ఆ సందులోకి ఒంట్లోని నీరు ఊరుతుంది. అదే పొక్కు. బయట పోసిన నీళ్లు లోపలికి పోవు.

మన పాత వైద్యంలో కూడా ఈ మాటకు మూలం కనబడుతుంది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయంలో కాలిన గాయాలను నాలుగు తరగతులుగా విడదీశారు. ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యక్ దగ్ధం, అతిదగ్ధం. తోలు రంగు మారడం దగ్గర మొదలై మాంసం దాకా కాలడం వరకు ఒక్కొక్క మెట్టూ రాశారు. ఈనాటికీ దవాఖానలో మేం చూసేది అదే లోతు. అంతటి శ్రద్ధతో చూసిన ఆ గ్రంథమే, పైపైన కాలిన దానికి మాత్రం వేడే మందు అనీ, చల్లటి నీరు నెత్తురును గడ్డకట్టిస్తుందనీ చెప్పింది. ఆ కాలానికి అది ఒక ఆలోచన. గడియారం పెట్టి, వేడి కొలిచి చూసే వసతి తర్వాత వచ్చింది. 1950లు, 60లలో ఐస్‌లాండ్ వైద్యుడు ఓఫైగుర్ ఓఫైగ్‌సన్ నీళ్లతో చల్లార్చడమే మొదటి చికిత్స అని పట్టుబట్టి రాశారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల వల్ల ఎంతసేపు పోయాలో కూడా తేలింది. 20 నిమిషాలు.

నిప్పు నుంచి చెయ్యి తీసేశాం కదా, ఇంకా నీళ్లెందుకు అని అడుగుతారు. పొయ్యి మీది నుంచి దించిన సర్వను చూడండి. దించినంత మాత్రాన చల్లారుతుందా? తోలు కూడా అంతే. వేడి లోపల నిలిచి, కిందికి దిగుతూ ఇంకా కాలుస్తూనే ఉంటుంది. 1947లో హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. 44 డిగ్రీల వేడి తోలును పాడుచేయడానికి గంటలు పట్టింది. 60 డిగ్రీలకు కొన్ని సెకన్లు చాలు. 70కి ఒక్క సెకను. మనం అప్పుడే వడపోసిన చాయ్ 70 డిగ్రీల పైనే ఉంటుంది. పసిపిల్లల తోలు పలుచన, వాళ్లకు అంత సమయం కూడా అక్కర్లేదు. నీళ్లు పోసిన ప్రతి నిమిషం ఆ వేడిని కిందికి దిగకుండా పైకి లాగుతున్నాం. పైతోలుతో ఆగాల్సిన గాయం మాంసం దాకా పోకుండా ఆపుతున్నాం. మచ్చ పడుతుందా లేదా అన్నది చాలాసార్లు ఆ 20 నిమిషాల్లోనే తేలిపోతుంది.

20 నిమిషాలంటే ఎంత? ఎసట్లో బియ్యం పోసిన తర్వాత అన్నం ఉడికేంత సేపు. చాలామంది రెండు నిమిషాలు పోసి మంట తగ్గిందని ఆపేస్తారు. ఆపగానే మళ్లీ సుర్రుమంటుంది. మళ్లీ పోయండి. నల్లా కింద చెయ్యి పెడితే సరే. నల్లా లేకపోతే బకెట్లో నీళ్లు పెట్టుకుని చెంబుతో ధారగా పోస్తూ ఉండండి. తాగే నీళ్లయితే మేలు. పొలం దగ్గర కాలి, ఇంటికి వచ్చేసరికి గంటయిందనుకోండి, అప్పుడైనా పోయండి. మూడు గంటల లోపు పోసినా లాభం ఉంటుంది.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకాల్లో చల్లటి నల్లా నీళ్లు అని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో, మంచిర్యాలలోనో మిద్దె మీది ట్యాంకు నల్లా తిప్పి చూడండి, ఆ నీళ్లే చెయ్యి కాలుస్తాయి. కాబట్టి ఎండాకాలంలో ముందు బాగున్న చేత్తో నీళ్లు ముట్టి చూడండి. వేడిగా ఉంటే కాసేపు వదిలేయండి, లేదా బోరింగు కొట్టండి. అదీ లేకపోతే రంజన్‌లో నీళ్లు ఉండనే ఉంటాయి. కాలిన బిడ్డ కంటే ఎక్కువ దాహం ఎవరికీ ఉండదు, రంజన్ ఖాళీ అయినా ఫర్వాలేదు.

చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పక్కన సంగతి వేరు. రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. అప్పుడు కాలిన చోట మాత్రమే నీళ్లు పోయాలి, మిగతా ఒంటికి గొంగడి కప్పాలి. పసిపిల్లలనూ ముసలివాళ్లనూ నిలువునా తడపకూడదు. వణుకు మొదలైతే నీళ్లు ఆపి వెచ్చగా చుట్టండి. బోరు నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా వస్తాయి, మనకు అవే మంచివి.

ఐసు పెట్టకండి. ఫ్రిజ్జులు వచ్చిన తర్వాత ఇది కొత్తగా మొదలైంది. ఐసు తగిలితే తోలులోని సన్నటి నెత్తురు నాళాలు ముడుచుకుపోతాయి. అప్పటికే దెబ్బతిన్న తోలుకు నెత్తురు అందకుండా పోయి గాయం ఇంకా ముదురుతుంది.

నీళ్లు పోస్తూనే గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. కాళ్ల మీదైతే మెట్టెలు, పట్టీలు. పిల్లలకైతే చేతి దారాలు. గంటలోపే వాపు వస్తుంది, తర్వాత ఉంగరం రాదు. మెట్టెలు తీయడానికి మన ఆడవాళ్లు ఒప్పుకోరు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. వాపులో మెట్టె బిగిసి వేలు నల్లబడ్డాక మేం రింగు కోసే కత్తెరతో కోయాల్సి వచ్చేది. తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు, ముందు తీయండి తల్లీ. వేడి నూనో గంజో పడ్డ బట్టలు కూడా వెంటనే విప్పేయాలి. తోలుకు అతుక్కుపోయిన బట్టను మాత్రం లాగకండి.

గంజి సంగతి విడిగా చెప్పాలనిపిస్తుంది. మా డ్రెస్సింగ్ గదికి వచ్చిన పిల్లల్లో గంజి పడ్డవాళ్లు ఎక్కువ. అన్నం వార్చి ఆ గిన్నె నేల మీదే పెడతాం. పాకే బిడ్డ వచ్చి చెయ్యి పెడుతుంది, లేదా కూర్చుంటుంది. గంజి నీళ్ల మాదిరిగా జారిపోదు, అంటుకుని ఉంటుంది. అంటుకున్నంతసేపూ కాలుస్తుంది. వాటర్ హీటర్ రాడు వేసిన బకెట్టు కూడా అంతే. ఆ రెండూ నేల మీద పెట్టకపోతే మా గదిలో సగం ఏడుపులు ఉండేవి కావు.

ఇప్పుడు పసుపు, పేస్టు, సిరా, గుడ్డు సొన, ఆలుగడ్డ తురుము, నెయ్యి సంగతి. ఇవి ప్రేమతో పెట్టేవే, నాకు తెలుసు. కానీ డాక్టరు ముందుకు వచ్చేసరికి ఆ పేస్టు ఎండి సున్నం గోడలా గట్టిపడి ఉంటుంది. గాయం ఎంత లోతో తెలియాలంటే దాన్ని తీయాలి. సెలైన్ నీళ్లతో తడిపి, గుడ్డతో కొంచెం కొంచెం తుడిచి తీసేటప్పుడు ఆ బిడ్డ పడే బాధ కాలినప్పటి బాధ కంటే ఎక్కువ. సిరా పూస్తే కింది రంగే కనబడదు. నెయ్యి, నూనె వేడిని బయటికి పోనివ్వవు. పచ్చి గుడ్డు, పేడ క్రిములను తెస్తాయి. వీటిలో ఏదైనా పూయడానికి పట్టే సమయం, నీళ్లు పోయాల్సిన సమయం. అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

“మరి మా తాత సున్నపు తేటలో కొబ్బరినూనె కలిపి పూసేవాడు, మానేది కదా” అంటారు. ఇది మన ఒక్కరి మందే కాదు. స్కాట్లాండులో కారన్ అనే ఊరి ఇనుప కార్ఖానాలో పనివాళ్లకు ఇదే పూసేవాళ్లు. వాళ్లు అవిసె నూనె వాడారు, అంతే తేడా. కారన్ నూనె అని దానికి పేరే వచ్చింది, వైద్య గ్రంథాలకు కూడా ఎక్కింది. క్రిముల సంగతి తెలిసిన తర్వాత దాన్ని వదిలేశారు. చిన్న గాయం ఏం పూసినా, ఏమీ పూయకపోయినా పది పదిహేను రోజుల్లో మానుతుంది. మాన్పిన పేరు మాత్రం నూనెకు దక్కింది.

తేనె మాట వేరు. కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి మన పద్మశాలీలు మగ్గాలు వెతుక్కుంటూ వలసపోయిన షోలాపూర్ మీకు తెలుసు. ఇప్పటికీ అక్కడి వాడల్లో తెలుగు వినబడుతుంది. ఆ ఊరి వైద్య కళాశాలలో పనిచేసిన సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది రోగుల్లో కొందరికి తేనె కట్టు, మిగతావాళ్లకు మామూలుగా వాడే సిల్వర్ మందు వేసి పోల్చి చూసి 1991లో ఒక బ్రిటిష్ పత్రికలో ప్రచురించారు. తేనె కట్టు వేసిన వాళ్లకే గాయాలు త్వరగా మానాయి. ఆ తర్వాత ప్రపంచమంతా తేనె మీద పరిశోధనలు చేసింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. అయితే ఆయన చేసింది దవాఖానలో, డాక్టర్ల కళ్ల ముందు, శుభ్రమైన తేనెతో. ఉట్నూరు అడవి తేనె తినడానికి ఎంత మంచిదైనా, పట్టును పిండిన చేతులతో తెచ్చి పచ్చి గాయం మీద పోయడం ఆ పని కాదు. అదీగాక తేనె నీళ్ల తర్వాతి మందు. నీళ్లకు బదులు కాదు.

20 నిమిషాలు అయ్యాక గాయాన్ని కప్పాలి. ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి నూలు చీర ముక్క చాలు. వదులుగా కప్పండి, బిగించి కట్టకండి. చెయ్యి కాలితే శుభ్రమైన పాలిథిన్ కవరు తొడిగినా మంచిదే, అంటుకోదు. దూది మాత్రం పెట్టవద్దు, పోగులన్నీ గాయంలో ఇరుక్కుంటాయి. నొప్పికి వయసుకు తగిన మోతాదులో పారాసిటమాల్ వేయవచ్చు. పొక్కు చిదమకండి. ఆ పలుచని తోలు కింద కొత్త తోలు తయారవుతోంది, దానికి అంతకంటే శుభ్రమైన కట్టు ఏ దవాఖానలోనూ దొరకదు. దానంతటది పగిలితే సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, కొంచెం వాసెలిన్ రాసి, గుడ్డ కప్పండి. మందుల షాపులో అడిగి తెల్లటి క్రీము తెచ్చి దట్టంగా పట్టించుకుని దవాఖానకు రాకండి. అది కూడా గాయం రంగును దాచేస్తుంది. డాక్టరు చూసిన తర్వాత రాయమంటే రాయండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేసుకున్నారో గుర్తు లేకపోతే పల్లె దవాఖానలో అడిగి వేయించుకోండి.

ఇంట్లో చూసుకోదగిన గాయం ఏదో ఎట్లా తెలుస్తుంది? కాలిన మనిషి అరచేయి, వేళ్లతో సహా, ఆ మనిషి ఒంట్లో నూటికి ఒక వంతు. బిడ్డకు బిడ్డ అరచెయ్యే కొలత, అమ్మది కాదు. గాయం ఆ అరచేయి కంటే చిన్నగా, ఎర్రగానో చిన్న పొక్కుతోనో ఉండి, ముట్టుకుంటే మండుతుంటే అది ఇంటి గాయమే. అంతకంటే పెద్దదైతే దవాఖాన. మొహం, చేతివేళ్లు, పాదాలు, కీళ్లు, మర్మస్థానం కాలితే ఎంత చిన్నదైనా దవాఖాన. ఏడాది లోపు పిల్లలు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, బాగా ముసలివాళ్లయినా దవాఖానే. పొగ మింగినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చేయకూడదు.

నొప్పి లేదని సంతోషించే వాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. గాయం తెల్లగా మైనంలా ఉండి, లేదా నల్లగా తోలుముక్కలా ఉండి, ముట్టుకున్నా తెలియకపోతే నొప్పి చెప్పే నరాలే కాలిపోయాయని అర్థం. అలాగే చలికాలం ఆసిఫాబాద్ వైపు షుగర్ ఉన్న ముసలాయన ఒకరు మంట కాగుతూ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కాళ్లకు స్పర్శ లేదు. వాసన వచ్చి కోడలు చూసేదాకా ఆయనకు కాలుతున్నట్టే తెలియలేదు. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఇంట్లో అట్లాంటి పెద్దలుంటే మంట దగ్గర వాళ్లకు చెప్పులు, దూరం రెండూ ఉండాలి.

కరెంటు కాలిన గాయం ఇంటిది కాదు. మోటరు స్టార్టర్ దగ్గర షాక్ కొడితే వేలి మీద చిన్న చుక్క మాత్రమే కనబడుతుంది, లోపల మాంసం, గుండె దెబ్బతిని ఉండవచ్చు. ముందు కరెంటు బందు చేయాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టాలి. యాసిడ్ పడితే 20 నిమిషాలతో ఆపకుండా ఇంకా ఎక్కువసేపు కడగాలి. పొడి సున్నం పడితే ముందు దులిపి, తర్వాత నీళ్లు పోయాలి. బట్టలకు నిప్పంటుకుంటే ఉరకకూడదు, నేల మీద పడి దొర్లాలి. పక్కనున్న వాళ్లు గొంగడి కప్పి అదమాలి. మన ఇళ్లలో గొంగడి దండెం మీదే ఉంటుంది. 108కి ఫోన్ చేసి బండి వచ్చేలోగా నీళ్లు పోస్తూనే ఉండండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. చిన్న గాయాలు ఆ లెక్కలోకి రావు. కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ చేసేవాళ్ల వేళ్లు, సిరిసిల్లలో పడుగుకు గంజి పెట్టేవాళ్ల చేతులు, జైనూరు మండలం ఉషేగాంలో ఇత్తడి కరిగించి బొమ్మలు పోతపోసే ఓజాల ముంజేతులు ఏ లెక్కలో ఉంటాయి? అట్లా పనిచేసే అన్నలు, అక్కలు ఒక్క బకెట్ నీళ్లు చేతికందేంత దగ్గర పెట్టుకోవాలని నా మనవి.

గాయం మానాక కొత్త తోలు గులాబీ రంగులో ఉంటుంది, దురద పెడుతుంది. గీరకుండా రోజూ రెండుసార్లు కొబ్బరినూనె రాయండి. కొబ్బరినూనెకు సరైన సమయం ఇదే. పత్తి ఏరడానికి పోయేవాళ్లు ఏడాదిపాటు ఆ చోటుకు ఎండ తగలకుండా నిండు చేతుల రవిక వేసుకోండి. ఎండ తగిలితే మచ్చ నల్లబడి నిలిచిపోతుంది. రెండు వారాల్లో మానకపోయినా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా దవాఖానకు రండి.

మా వదిన కోడలికి ఆ రోజు పొక్కు వచ్చింది. బటానీ గింజంతవి రెండు. “చూసినవా, నేను చెప్పలే” అని వదిన నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పదో రోజుకు తోలు ఊడిపోయి కిందిది బాగానే ఉంది. మరుసటి ఏడాది అదే ఇంట్లో అదే మూకుడు నుంచి నూనె చింది వదిన చెయ్యే కాలింది, కోడలు బోరింగు కొట్టింది. ఇప్పుడు సకినాలప్పుడు మా వదిన పొయ్యికి నాలుగడుగుల దూరంలో బకెట్ నిండా నీళ్లు పెట్టించనిదే మూకుడు ఎక్కించనివ్వదు. పొయ్యి పక్కనే ఒక పెద్ద మూత కూడా పెడుతుంది. నూనె అంటుకుంటే మూత పెట్టాలి, స్టవ్ కట్టేయాలి, ఆ మంట మీద చుక్క నీళ్లు పడకూడదని, బకెట్ చేతుల కోసమేనని కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ తనే చెబుతుంది.